మండువా గోడమీద పాప్ కళ

1956వ సంవత్సరం ఆగస్టు నెలలో లండను నగరంలో, వైట్‌చాపెల్ అనే చిత్రశాలలో ఒక ప్రదర్శన జరిగింది. దానికోసం రిచర్డ్ హామిల్టన్ అనే ఆంగ్ల చిత్రకారుడు పత్రికలలోని ప్రకటనల బొమ్మలను కత్తిరించి, కాగితంమీద అతికించి, ఒక ఇంటి ముందుగదిని తయారు చేశాడు. కొలిస్తే ఆ చిత్రం జానెడుకు కాస్త మించి ఉంటుంది, అంతే. గదిలో కండలు తిరిగిన వస్తాదు ఒకడు నిలబడి ఉంటాడు. అతని చేతిలో గదలాగా పెద్ద లాలీపాప్, దానిమీద ‘పాప్’ అనే మాట. సోఫామీద ఒక సుందరి. బల్లమీద డబ్బాలో మాంసం, నేలమీద టేపురికార్డరు, ఒక పక్క టెలివిజను, దీపపు గొడుగుమీద ఫోర్డు మోటారు కంపెనీ ముద్ర. గోడమీద రెండు పటాలు పక్కపక్కనే వేలాడుతుంటాయి. ఒకటి పాతకాలపు పెద్దమనిషి తైలవర్ణ చిత్రం. రెండవది ప్రేమకథల బొమ్మల పుస్తకపు అట్ట, దానికీ శుభ్రంగా చట్రం కట్టి ఉంది. నేటి ఇళ్ళు ఇంత వింతగా, ఇంత ముచ్చటగా ఎందుకున్నాయన్న అర్థం వచ్చే ప్రశ్నే ఆ చిత్రానికి పేరు. పాప్ కళకు ఆద్యమైన చిత్రాలలో ఒకటిగా దీనిని చరిత్రకారులు లెక్కిస్తారు.

అంటే పాప్ కళ పుట్టుకలోనే గృహాలంకరణ ఉన్నదన్నమాట. ఈ మధ్య రాజమహేంద్రవరంలోనూ, కాకినాడలోనూ, భీమవరంలోనూ కొత్తగా కట్టిన అపార్టుమెంట్లలోకి గృహప్రవేశానికి వెళ్ళినప్పుడల్లా ఒక గోడకు పసుపో, గులాబీయో దట్టించి, నాలుగు రంగుల మార్లిన్ మన్రో ముఖాలు తగిలించి ఉండడం చూస్తున్నాను. సోఫా దిండ్లమీద చుక్కల చుక్కల బొమ్మలు. అడిగితే ‘పాప్ ఆర్ట్ అండి, విదేశీ పద్ధతి’ అంటారు. మన గోదావరి సీమ గోడలకు ఇది విదేశీ పద్ధతి కాదనీ, హామిల్టన్ కత్తెర పట్టడానికి అర్ధశతాబ్దం ముందే మన మండువా లోగిళ్ళలో ఈ పని మొదలైందనీ, అయితే మన పనిలోనూ వారి పనిలోనూ ఒక్క తేడా ఉన్నదనీ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా పాప్ కళ అంటే ఏమిటో రెండు మాటలు. బజారులో లక్షల ప్రతులుగా అచ్చయ్యే బొమ్మను, అంటే సరుకు డబ్బామీది చీటీని, సినిమాతార ప్రచారచిత్రాన్ని, బొమ్మలకథల పుటను తెచ్చి, అదే కళ అని చూపించడం. 1962లో ఆండీ వార్హోల్ లాస్ ఏంజెలెస్ నగరంలో 32 సూపు డబ్బాల చిత్రాలను కిరాణాకొట్టులో సరుకు పేర్చినట్టు వరుసగా పెట్టాడు. రాయ్ లిక్టెన్‌స్టైన్ చవక అచ్చులో కనిపించే రంగుచుక్కలను భూతద్దంలో చూపినట్టు పెద్దవిచేసి గీశాడు. చవకగా ఉండాలి, నలుగురికీ అందాలి, నాలుగు రోజులుండి పోవాలి, చమత్కారం ఉండాలి, వెనకాల పెద్ద వ్యాపారం ఉండాలి. 1957లో హామిల్టన్ ఒక ఉత్తరంలో పాప్ లక్షణాలను ఇంచుమించు ఇలాగే జాబితా వేశాడు. ఈ జాబితాను చేతబట్టుకుని ఇక మన ఇళ్ళలోకి వెళదాం.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాలో పంట నిలిచింది, పంటతో పాటు ఇళ్ళు లేచాయి. రంగూను టేకు స్తంభాలు, నడుమ మండువా, చుట్టూ నాలుగు వసారాలు, సున్నం కొట్టిన మందపాటి గోడలు. ఆ గోడలకు కిటికీలు తక్కువ, గూళ్ళు ఎక్కువ. దూలాలకింద తలెత్తి చూసే ఎత్తున మేకులు కొట్టి, తాళ్ళు కట్టి, పటాలను ముందుకు వాల్చి వేలాడదీసేవారు. కూర్చున్నవాడికి కనబడాలంటే అలా వంగే ఉండాలి మరి. ఆ వెనకాల పిచ్చుకలు గూళ్ళు పెట్టేవి. వరుసలో ఎవరు ఏ పక్కన ఉండాలన్న నియమం ఏమీ లేదు. తాతగారి ఫొటో పక్కన లక్ష్మీదేవి, ఆమె పక్కన గాంధీ, ఆ పక్కన ఏదో కాలేజీ గ్రూపు ఫొటో, దాని పక్కన సరస్వతి. కింద బల్లమీద రేడియో, రేడియోమీద నరసాపురం లేసుగుడ్డ. హామిల్టన్ గదిలో పెద్దమనిషి చిత్రపటమూ బొమ్మలపుస్తకపు అట్టా పక్కపక్కన ఉండడం చూసి విమర్శకులు ఆశ్చర్యపోయారు గానీ, ఈ వరుసను చూస్తూ పెరిగినవాడికి అందులో ఆశ్చర్యమేముంది?

‘పటము’ అన్న మాట మీద ఒక్క క్షణం ఆగనివ్వండి, పాత వృత్తి వాసన. సంస్కృతంలో పటమంటే వస్త్రం. వస్త్రంమీద గీసిన బొమ్మ కనుక బొమ్మకూ పటమనే పేరు వచ్చింది. దేశాన్ని గీస్తే దేశపటం, గాలిలో ఎగరేస్తే గాలిపటం. బొమ్మ గుడ్డమీదనుంచి కాగితంమీదికి దిగినా, కాగితం గాజుకింద చేరినా మాట మాత్రం మారలేదు. ‘పటం కట్టించడం’ అన్న పలుకుబడిలో మాత్రం పటం బొమ్మ కాదు, చట్రమూ గాజూ అట్టా కలిసిన వస్తువు. అచ్చుకాగితానికి అర్ధరూపాయి విలువ లేకపోయినా, కట్టించగానే అది ఇంటి మనిషి అవుతుంది.

ఇంట్లో ఏ బొమ్మ ఉండవచ్చునన్న విచారం మనకు కొత్తది కాదు. విష్ణుధర్మోత్తర పురాణం మూడవ ఖండంలోని చిత్రసూత్రం ఈ సంగతి నియమించింది. నివాసగృహాలలో శృంగార, హాస్య, శాంత రసాల చిత్రాలే ఉండాలట. తక్కిన రసాలు రాజసభలకూ దేవాలయాలకూ తగును. మన ఆడవారెవరూ ఆ గ్రంథం చదవలేదు. అయినా హిరణ్యకశిపుని చీల్చే ఉగ్రనరసింహుని పటం ఇళ్ళలో అరుదు, తొడమీద అమ్మవారిని కూర్చోబెట్టుకున్న లక్ష్మీనరసింహుడే ఎక్కువ. కురుక్షేత్రంలోనూ యుద్ధం జరిగే ఘట్టాలు కాక గీతోపదేశం ఒక్కటే గడప దాటింది. హాస్యానికి చోటివ్వడం ఈ సూత్రంలో నాకు బాగా నచ్చిన మాట. ఆ లెక్కన మన్రోగారి ముఖాలు నాలుగూ శాస్త్రసమ్మతమే. క్రీడాభిరామంలో మాచల్దేవి చిత్రశాలా ప్రవేశోత్సవాన్ని చదివినవారికి శృంగారం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక అచ్చు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో జర్మనీ యంత్రాలతో ముద్రణాలయం పెట్టాడు. తరవాత దానిని లోణావ్లా దగ్గర మళవలికి మార్చాడు, కొన్నాళ్ళకు ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మను నిపుణుడికి అమ్మేశాడు. మన దేవుళ్ళ బొమ్మలు ఆ రోజుల్లో జర్మనీలో కూడా అచ్చయి ఓడల్లో వచ్చేవి. పద్ధతి ఏమిటంటే, నునుపైన సున్నపురాతిమీద జిడ్డు సిరాతో బొమ్మ గీసి అచ్చు తీయడం. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి. కాగితం అన్ని రాళ్ళకిందా వెంట్రుకవాసి తేడా రాకుండా పడాలి, లేకపోతే లక్ష్మీదేవి పెదవి ఎరుపు చెంపమీదికి జరుగుతుంది. చివర వార్నీషు పూసి, తైలవర్ణ చిత్రంలాగా గరుకు అద్దేవారు. రాజుల దర్బారులో ఒక్క ప్రతిగా ఉండిన హంస-దమయంతి అలా వేల ప్రతులై రైతు ఇంటికి వచ్చింది. శృంగారనైషధం పద్యాలు రాని వారికీ దమయంతి ముఖం తెలిసింది. ఒక మహాచిత్రకారుడు తన తైలవర్ణాన్ని తానే యంత్రంలో పెట్టి వేలకు వేలు తీసి అమ్మడమంటే, వార్హోల్ చేసిన పనికి ఇది అన్నగారు కాదా?

వచ్చిన అచ్చును వచ్చినట్టే ఉంచారా అంటే అదీ లేదు. ఇంటి ఆడవారు ఆ అచ్చు బొమ్మకు జరీముక్కతో చీర కట్టేవారు, చెమ్కీలతో నగలు పెట్టేవారు, ముత్యాల్లాంటి పూసలు కుట్టి గాజు బిగించేవారు. లక్ష ప్రతులలో ఒక ప్రతి ఆ చేతిపనితో ఆ ఒక్క ఇంటిది అయిపోయేది. పాశ్చాత్యులు దీనికి కొలాజ్ అని పేరు పెట్టి పుస్తకాలు రాశారు. మనవారు పేరు పెట్టలేదు, మధ్యాహ్నం వంటపని అయ్యాక చేసుకునేవారు.

తరవాతి యుగం శివకాశిది. 1922లో అయ్య నాడారు, షణ్ముగ నాడారు అనే ఇద్దరు బంధువులు కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. అగ్గిపెట్టెకు చీటీ కావాలి, చీటీకి అచ్చు కావాలి. అలా వచ్చిన అచ్చే కొన్ని దశాబ్దాలలో దేశమంతటికీ కాలెండర్లు వేసే స్థాయికి పెరిగింది. దగ్గరలోని కోవిల్‌పట్టిలో కొండయ్యరాజు అనే చిత్రకారుడు (పేరు వింటే మన ఊరివాడే అనిపిస్తాడు) శిష్యులను కూర్చోబెట్టుకుని గీసిన గుండ్రని, మెత్తని, నవ్వు ముఖాల దేవతలు మన గోడలమీద రవివర్మ దేవతల పక్కన చేరారు. ఆయన 1976లో పోయారు, ఆయన గీసిన మురుగనులూ మీనాక్షులూ ఇప్పటికీ అచ్చవుతూనే ఉన్నారు.

కాలెండరు డబ్బు పెట్టి కొనేది కాదు, ఉగాదికో జనవరికో బట్టల కొట్టువారో, రైసుమిల్లువారో, ఎరువుల డీలరో ఊరికే ఇచ్చేది. పైన దేవుడు, కింద కొట్టు పేరు, ఊరు, ఫోను నంబరు, ఆ కింద తేదీల కట్ట. తేదీలు డిసెంబరుతో అయిపోతాయి. దేవుడికి గడువు లేదు కదా, అందుచేత బొమ్మ గోడమీదే ఉండిపోయేది. బాగా నచ్చినదైతే పటం కట్టేవారు. కొందరు కొట్టు పేరు కత్తిరించేవారు, కొందరు ఉంచేసేవారు. ఉంచేసిన పటాల్లో శ్రీరామ పట్టాభిషేకం కింద హోల్‌సేల్ అండ్ రిటైల్ అని ఉండేది. హామిల్టన్ దీపపు గొడుగుమీద ఫోర్డు ముద్ర వేసింది చమత్కారం కోసం. మన గోడకు ఆ ముద్ర తనంతట తానే వచ్చింది.

‘మాయాబజార్’ (1957) వచ్చిన తరవాత మరొక మలుపు తిరిగింది. నందమూరి తారక రామారావుగారి కృష్ణవేషం కాలెండర్ల కెక్కింది. ‘లవకుశ’ (1963) తరవాత రాముడుగా కూడా. సినిమా ప్రచారచిత్రం, దేవుని బొమ్మ, వ్యాపారప్రకటన మూడూ ఒకే కాగితంమీద కలిసిపోయాయి. అటువంటి కాలెండరు ఒకటి తీసుకుని భూతద్దంతో చూడండి. కృష్ణుని నీలం ఒక రంగు కాదని తెలుస్తుంది. క్రమంగా వరుసలు తీరిన నీలి, గులాబి, పసుపు, నల్ల చుక్కలు. లిక్టెన్‌స్టైన్ ఆయుష్షంతా గీసిన చుక్కలవే. రవివర్మ కాలపు రాతి అచ్చును అదే అద్దంతో చూస్తే చుక్కలు చిందరవందరగా ఉంటాయి, ఎందుకంటే వాటిని చేత్తో పెట్టారు. పాత అచ్చుకూ కొత్త నకలుకూ తేడా కనిపెట్టడానికి ఇది తేలిక దారి, అమ్మజూపేవారు ఎన్ని కథలు చెప్పినా.

మన డెల్టాలోనే ఇంకో రకం గోడ కూడా ఉండేది. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలలోనూ, 1924లో మొదలైన భారతి మాసపత్రికలోనూ వచ్చే త్రివర్ణచిత్రాలను జాగ్రత్తగా విడదీసి కట్టించుకున్న గోడ. ఆ పత్రికలను స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి సంపదకు మూలం 1893లో ఆయన మొదలుపెట్టిన అమృతాంజనం సీసా అన్నది మరచిపోకూడదు. తలనొప్పి మందు అమ్మిన డబ్బుతో త్రివర్ణచిత్రం అచ్చయింది. ప్లీడర్ల ఇళ్ళు, మేష్టర్ల ఇళ్ళు ఇలా ఉండేవి. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర కనిపెట్టి ప్రోత్సహించిన దామెర్ల రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదివి వచ్చి, రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, 28 ఏళ్ళయినా నిండకుండా 1925లో మశూచికంతో పోయాడు. ఆ దొరకే శిష్యుడైన అడివి బాపిరాజు, రామారావు తరవాత కళాశాలను నడిపిన వరదా వెంకటరత్నం, వీరందరి తపన ఒక్కటే: తెలుగువాడి గోడమీద తెలుగు బొమ్మ ఉండాలని.

ఆ తపన ఫలించిందా? దామెర్ల చిత్రాలను చూడాలంటే రాజమహేంద్రవరంలోని ఆయన స్మారక చిత్రశాలకు వెళ్ళాలి. తప్పక వెళ్ళండి, గోదావరి గట్టున ఇంతకంటే విలువైన గదులు తక్కువ. కాని ఇళ్ళ గోడలను గెలిచింది శివకాశి. దీనికి జనం అభిరుచిని తిట్టడం పండితులకు అలవాటు. ‘చవకబారు బొమ్మలు’ అన్నమాట నేను చదువుకున్న రోజుల్లో గురువుల నోట తరచు వినేవాణ్ణి. నా అభిప్రాయం వేరు. దామెర్ల బొమ్మకు లక్ష ప్రతులు తీసి ఉగాదికి ఉచితంగా పంచే రైసుమిల్లు దొరకలేదు. లోపం పంపకంలో ఉంది, చూసే కంట్లో కాదు.

పంపకం తెలిసిన తెలుగు చిత్రకారులు ఇద్దరు తరవాత వచ్చారు. వడ్డాది పాపయ్యగారు (1921–1992) చందమామకూ యువకూ వేసిన ముఖచిత్రాలను మాసం గడవగానే చింపి కట్టించుకున్నవారు కోకొల్లలు. రెండవవారు మన నరసాపురంలో 1933లో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ, బాపు. ఆయన బొమ్మ మొదటినుంచీ అచ్చు కోసమే పుట్టింది. కార్టూను, కథకు బొమ్మ, నవలకు అట్ట, శుభలేఖ. ఒక్క గీత, నిండు రంగు, వెడల్పు కళ్ళు. చవక కాగితంమీద, మోటు అచ్చులో కూడా చెడకుండా నిలబడే గీత అది. పాప్ కళాకారుడు బజారు బొమ్మను చిత్రశాలకు మోసుకెళ్ళాడు, బాపు కళను తిన్నగా బజారుకే గీశాడు. ఆయన 2014లో వెళ్ళిపోయారు. ఆధునిక తెలుగు ఇంటికి పాప్ గోడ కావాలనుకునేవారు న్యూయార్కుదాకా వెళ్ళడం దేనికో నాకు అర్థం కాదు.

ఇక మొదట చెప్పిన తేడా. వార్హోల్ తల్లిదండ్రులు తూర్పు ఐరోపానుంచి వలస వచ్చిన పల్లెవాళ్ళు. అతడు చిన్ననాట వెళ్ళిన చర్చిలో బంగారు నేపథ్యంమీద సాధువుల ముఖాలు వరుసలుగా ఉండేవి. 1962లో మార్లిన్ మన్రో 36వ ఏట చనిపోగానే, ఆమె సినిమా ప్రచారపు ఫొటో ఒకటి తీసుకుని బంగారురంగుమీద అచ్చువేశాడు. సాధువు స్థానంలో తార. అయితే ఆ బొమ్మ ముందు ఎవరూ దీపం పెట్టరు. దానిని చూసి ఒక మెట్టు వెనక్కి జరిగి చిన్నగా నవ్వుకోవాలి, అది ఆ కళ కోరే మర్యాద. 1964లో చేసిన మరో మార్లిన్ 2022లో 19 కోట్ల 50 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. మన కాలెండరు కృష్ణుడు కూడా తారే, కూడా అచ్చే, కూడా బంగారురంగే. కాని ఆయన నుదుట కుంకుమ ఉంది. బరోడాలో స్థిరపడిన భూపేన్ ఖక్కర్ 1960లలో ఇలాంటి దేవుళ్ళ అచ్చులనే కత్తిరించి అతికించి చిత్రాలు చేశాడు, భారతీయ పాప్ అన్నారు. క్రిస్టఫర్ పిన్నీ, కజ్రీ జైన్ వంటి పండితులు ఈ కాలెండర్లమీద పెద్ద గ్రంథాలే రాశారు. వీరందరి చేతికి వచ్చేసరికి కుంకుమ ఆరిపోయి ఉంటుంది. ఆరకముందు ఏం చెయ్యాలన్నదే మన చిక్కు.

ఆ చిక్కు పోయిన ఏడు మా ఇంటికే వచ్చింది. కోనసీమలో మా అన్నగారి మండువా ఇల్లు పెంకులు జారి, దూలాలు చెదపట్టి, ఇక విప్పక తప్పలేదు. తలుపులూ స్తంభాలూ కొనేవారు వచ్చి బేరం చేసుకుపోయారు. గోడమీద పటాలు పదకొండు మిగిలాయి. పాతబడ్డ దేవుడి పటాలను కాలవలో కలపడమో, గుడి రావిచెట్టు కింద పెట్టడమో మనవైపు ఆచారం. హైదరాబాదులో ఉద్యోగం చేసే అన్నగారి మనమరాలు మాత్రం, ‘చిన్నతాతగారూ, అవేవీ పారెయ్యకండి, మా హాల్లో పాప్ గోడ ఒకటి చేస్తున్నాను’ అని ఫోను చేసి, ఆదివారానికి దిగింది.

ఆ పిల్ల కన్ను పడినది రామారావుగారి కృష్ణుడిమీద. మా వదినగారు నలభై ఏళ్ళకు పైగా రోజూ బొట్టు పెట్టిన పటం అది. ‘మార్లిన్ పక్కన పసుపుపచ్చ ఫ్రేములో పెడతాను మామ్మా, ఎన్టీఆర్ కదా, అదిరిపోతుంది’ అంది. ‘ఎన్టీఆరేమిటే, కృష్ణుడు’ అంది వదినగారు. నావైపు తిరిగి, ‘ఏమయ్యా, దేవుణ్ణి ఎవరో సినిమాదాని పక్కన పెడతానంటోంది, చదువుకున్నవాడివి నువ్వేనా చెప్పవేం’ అంది. నేనేం చెప్పను? ఇద్దరి మాటా నిజమే. పిల్ల మార్లిన్ కథ చెప్పింది. తండ్రి ఎరగని బిడ్డ, అనాథాశ్రమం, మూడు పెళ్ళిళ్ళు, నిద్రమాత్రలు, 36 ఏళ్ళు. వదినగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత, ‘పోయిన మనిషేనా? అయితే ఆవిడక్కూడా బొట్టు పెట్టు. ఒకరికి పెట్టి ఒకరికి మానకు’ అంది.

అంతటితో తగవు తీరిందనుకోకండి. పటం కింది అంచున వదినగారు ఎప్పుడో అతికించిన బంగారు కాగితపు పట్టీ ఒకటి ఉంది. దానికింద ఎరువుల కొట్టు పేరు. దేవుడి పాదాలకింద యూరియా ఏమిటని కప్పేసిందట. మనమరాలికి ఆ కొట్టు పేరే కావాలి, అది లేకపోతే పాప్ కాదంటుంది. పట్టీ ఊడదీస్తే కాగితం చిరుగుతుందని నేను అడ్డం పడ్డాను. పట్టీ ఉంది. వదినగారు ఆ పటంతోపాటు కుంకంబరిణె కూడా ఇచ్చి పంపింది.

చెమ్మకు రంగు వదిలి, ముఖాలు పోయినవి నాలుగు పటాలు. గాజూ, మేకులూ, అట్టా తీసేసి కాగితాలను మాత్రం కాలవలో విడిచాం. నీళ్ళల్లో గాజుపెంకులు వేసే అలవాటు ఇకనైనా మానాలి. తక్కిన ఆరూ నా దగ్గరే ఉన్నాయి. పటాల వెనక అట్టలు తీసినప్పుడు ఒక సంగతి చూశాను. ప్రతి అట్టమీదా పటం కట్టినవాడు పెన్సిలుతో ఇంటిపేరూ, ధరా, తేదీ రాసుకున్నాడు. రెండింటి వెనక తడి ఆపడానికి పాత ఆంధ్రపత్రిక కాగితం పరిచి ఉంది. ఒకదాని వెనక ఎవరో చిన్నపిల్ల చేతిరాతతో రాసిన చాకలి పద్దు. మీ ఇళ్ళల్లో ఇటువంటి పటాలుంటే కాలవ దగ్గరికి వెళ్ళేముందు ఒక్కసారి తిరగేసి చూసి, ఏముందో రాసి పెట్టండి. నాకు తెలియజేస్తే సంతోషిస్తాను.